గడప దాకా సాగనంపిన తండ్రి

అల్ రయ్యాన్, ఖతర్
జనవరి 12

అన్నయ్యా,

వందనాలు. ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్లో నేను గట్టిగా ఏదైనా అడిగితే నువ్వు “ప్రార్థన చేసుకుందాం చెల్లెమ్మా” అని కళ్ళు మూసుకుంటావు. ఆమెన్ అనేసరికి మాట ఎక్కడ ఆగిందో నాకే గుర్తుండదు. కాగితం మీదైతే నన్ను మధ్యలో ఆపలేవు. రాసి, ఫోటో తీసి పంపుతున్నాను. నువ్వూ అలాగే పంపు.

కొత్త సంవత్సరం నాడు ఒక నిర్ణయం తీసుకున్నాను. సంఘం గ్రూపులో నువ్వు రోజూ గులాబీల బొమ్మ మీద పెట్టే వాక్యం చూసి ‘ఆమెన్’ కొట్టడం మానేశాను. కోపం తెచ్చుకోకు. పాస్టరు గారి కూతురిని, పాస్టరు గారి చెల్లెలిని. ఇరవై నాలుగేళ్ళొచ్చాయి. బైబిలు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్కసారి కూడా చదవలేదు. ఎంతసేపూ మీరు ఏరి పెట్టిన ముక్కలే తిన్నాను. ఇప్పుడు ఆదికాండం నుంచి మొదలుపెట్టాను. ఒక్క వంశావళి కూడా దాటవేయను.

తెల్లవారుజామున, ఈ ఇంటి పిల్లలకు స్కూలు డబ్బాలు సర్దే ముందు, వంటింటి బల్ల దగ్గర కూర్చుంటాను. ఎదురుగా రమీజా పిన్ని కూర్చుంటుంది. రాయచోటి మనిషి. ఇక్కడ వంట ఆమెదే. నమాజు అయ్యాక ఆమె తన ఖురాన్ తెరుస్తుంది, నేను నా బైబిలు. మధ్యలో రెండు టీ గ్లాసులు. మొదటిరోజు మామా, అంటే మా మేడమ్, నీళ్ళ కోసం వచ్చి ఏం పుస్తకమని అడిగింది. నేను బైబిలు మీద చెయ్యి కప్పేశాను. రమీజా పిన్నే “తౌరాత్, ఇంజీల్” అని, మన పాత, కొత్త నిబంధనలకు వాళ్ళు వాడే పేర్లతో చెప్పింది. మామా తల ఊపి, సీసా తీసుకుని వెళ్ళిపోయింది. అంతే.

ఈ వారం హాగరు దగ్గరికి వచ్చాను. ఆమె అబ్రాహాము భార్య శారాకు దాసి అని చిన్నప్పటి నుంచీ వింటున్నాను కానీ, నాలాగే పరాయి దేశంలో పరాయి ఇంట్లో పనిమనిషి అని ఎప్పుడూ తట్టలేదు. యజమానురాలు బాధపెడితే ఎడారిలోకి పారిపోయింది. అక్కడ దేవుడు పలకరిస్తే, ఆ పనిమనిషి ఆయనకే ఒక పేరు పెట్టింది, నన్ను చూసే దేవుడివి అని. అబ్రాహాము కూడా అంత ధైర్యం చేయలేదన్నయ్యా. రమీజా పిన్నికి చెబితే, “హాజిరమ్మ మాకూ అమ్మే పిల్లా. ఆయమ్మ నీళ్ళ కోసరం ఉరికినట్టే మావోళ్ళు హజ్‌లో ఇప్పటికీ ఉరుకుతారు” అంది. ఆ పూట ఇద్దరం పుస్తకాలు పక్కనపెట్టి ఆమె గురించే మాట్లాడుకున్నాం.

ఇంకొక మాట. నిన్న సలోమి వదినతో వీడియోలో మాట్లాడుతుంటే వెనక మన చెల్లి మమత కనిపించింది. తలకు చున్నీ బిగించి కట్టుకుని ఉంది. క్రిస్మస్ వెళ్ళి ఇన్నాళ్ళయినా ఇంకా అత్తారింటికి వెళ్ళలేదేమని అడిగితే, నెట్ సరిగా లేదని వదిన పెట్టేసింది. మమత ఎందుకు వచ్చింది?

నీ చెల్లెలు
కెజియా


చింతలలంక
జనవరి 24

క్రీస్తునందు ప్రియమైన చెల్లెలు కెజియాకు, అన్న ఫిలేమోను ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం చదివి దేవుణ్ణి స్తుతించాను. అమ్మా నాన్నా పోయాక మిమ్మల్నిద్దరినీ ప్రభువు మార్గంలో పెంచానన్న తృప్తి కలిగింది. గులాబీల మాట మాత్రం కాస్త గుచ్చుకుంది. పోనీలే. చదువు, కానీ అర్థం కానిచోట నన్ను అడుగు. మోటబావిలోకి ఒంటరిగా దిగకూడదు.

ఇక్కడ అందరం కుశలం. మందిరం కప్పుకు కొత్త రేకులు వేశాం. మమత మామగారు జకరయ్య గారే దగ్గరుండి వేయించారు. మన సంఘానికి అలాంటి పెద్ద దొరకడం దేవుని కృప.

మమత సంగతి అడిగావు. భార్యాభర్తల మధ్య చిన్న మాటపట్టింపు. ప్రభుదాసు కాస్త తొందర మనిషి, మనసు మంచిది. నాలుగు రోజులు విశ్రాంతిగా ఉంటుందని మనింటికి తీసుకొచ్చాం. మళ్ళీ పంపించేశాను. వెళ్ళేముందు కూర్చోబెట్టి వాక్యం చెప్పాను. నువ్వు రాసిన హాగరు మాటే నాకు సాయమైంది. పారిపోయినదాన్ని దూత ఏమన్నాడు? తిరిగి వెళ్ళి నీ యజమానురాలికి అణిగి ఉండమన్నాడు. మమత తల వంచుకుని విని వెళ్ళింది. దేవుడు నీ చదువును ఇలా వాడుకున్నాడు, సంతోషించు.

ఆరోగ్యం జాగ్రత్త.

అన్నయ్య


అల్ రయ్యాన్
ఫిబ్రవరి 16

అన్నయ్యా,

నా హాగరును తీసుకెళ్ళి నా చెల్లెలి మీదికే తోలావా?

దూత తిరిగి వెళ్ళమన్నది పదహారో అధ్యాయంలో. నువ్వు అక్కడే పుస్తకం మూసేశావు. నేను మూయలేదు. ఇరవై ఒకటో అధ్యాయానికి రా. అదే హాగరు బిడ్డతో సహా ఎడారిలో ఉంది. తిత్తిలో నీళ్ళు అయిపోయాయి. బిడ్డ చావు చూడలేక దూరంగా కూలబడి ఏడుస్తోంది. ఈసారి దేవుడు తిరిగి వెళ్ళమనలేదు, బావి చూపించాడు. ఆ తర్వాత ఆమె ఆ ఇంటి ముఖం చూడలేదు. కొడుకును పెంచింది, వాడికి తనే పిల్లను చూసి పెళ్ళి చేసింది. దేవుడు ముందు చెప్పిన మాట పట్టుకుని, తర్వాత చేసిన పని వదిలేస్తే అది సగం వాక్యం. సగం వాక్యంతో ఒక మనిషిని వెనక్కి పంపావు.

మొన్న మమతకు ఫోన్ చేశాను. మాట్లాడుతూ మాట్లాడుతూ “ఉండక్కా” అని ఫోన్ ఇటు నుంచి అటు మారుస్తోంది. ఎందుకే అంటే చెప్పదు. చాలాసేపు బతిమాలితే చెప్పింది.

“ఎడం చెవిలో హోరు తప్ప ఏం వినపడట్లేదక్కా.”

“ఎప్పటినుంచి?”

“క్రిస్మస్ కూడికయ్యాక ఇంటికెళ్ళాం కదా, అప్పుడు కొట్టాడు. అప్పట్నుంచి.”

“అన్నయ్యకు చెప్పావా?”

“రక్తం తుడిచింది వదినే కదక్కా.”

అన్నయ్యా, మమతకు ఏమైందన్న దాని కన్నా, నీకు తెలుసు అన్నదే నాకు మింగుడుపడలేదు. చిన్న మాటపట్టింపు అని రాసినప్పుడు నీకు తెలుసు. హాగరు కథ చెప్పినప్పుడు ఆ పిల్ల ఒక చెవితోనే విందని నీకు తెలుసు.

ఈ వారం సంఖ్యాకాండం చదివాను. జనాభా లెక్కలే ఉంటాయనుకున్నాను. అందులో సెలోపెహాదు కూతుళ్ళు అని అయిదుగురు అక్కచెల్లెళ్ళు ఉన్నారు. తండ్రి పోయాడు, అన్నదమ్ములు లేరు. గుడారం ద్వారం దగ్గర మోషే ముందు, యాజకుడి ముందు, పెద్దలందరి ముందు నిలబడి, మా నాన్న భాగం మాకెందుకు రాదని అడిగారు. మోషే వాళ్ళను కసరలేదు. తనకు తెలియదని ఒప్పుకుని దేవుణ్ణి అడిగాడు. దేవుడు ఆ ఆడపిల్లలు అడిగింది న్యాయమే అన్నాడు. ఇన్నేళ్ళలో ఆ అయిదుగురి గురించి నీ నోట ఒక్క ప్రసంగం వినలేదు.

మమతను అమలాపురంలో చెవి డాక్టరుకు చూపించు. మనింటికి తీసుకురా. అది న్యాయమే. దేవుణ్ణి అడిగి చూడు.

కెజియా


చింతలలంక
ఫిబ్రవరి 27

కెజియా,

నీ ఉత్తరంలో గర్వం కనిపించింది. అన్నకు, అందులోనూ దేవుని సేవకుడికి రాసే భాష కాదది. వాక్యాన్ని వాదానికి వాడేవాళ్ళు సాతాను కూడా వాక్యం ఎత్తి చూపాడని గుర్తుపెట్టుకోవాలి.

పాత నిబంధన ఒంటరిగా చదవడం ఆపు. కీర్తనలు చదువు, సామెతలు చదువు. మనసు నెమ్మదిస్తుంది.

మమతకు ఫోన్లు చేసి రెచ్చగొట్టకు. నీ ఫోన్ల సంగతి జకరయ్య గారి చెవిన పడింది. ఆయన నొచ్చుకున్నారు. మందిరం కట్టుకున్న స్థలం ఆయనదని నీకు తెలియంది కాదు. కాగితం మీద ఇంకా సంఘం పేరున రాయలేదు. ఆయన పొమ్మంటే డెబ్బై కుటుంబాలను నేనెక్కడ కూర్చోబెట్టాలి? ఒక ఇంటి గొడవ కోసం మందను చెదరగొట్టమంటావా? నా స్థానంలో ఉండి చూడు.

నీ కోసం ఉపవాసం ఉంటున్నాను.

అన్నయ్య


అల్ రయ్యాన్
మార్చి 14

పాస్టర్ ఫిలేమోను గారికి,

వందనాలు. మీరు సేవకుడిగా రాశారు కాబట్టి నేనూ సంఘస్థురాలిగానే రాస్తున్నాను.

కీర్తనలు చదవమన్నారు. వరసలో వాటి వంతు వచ్చినప్పుడు చదువుతాను. ఇప్పుడు న్యాయాధిపతుల దగ్గర ఉన్నాను. ఇది రంజాన్ నెల. తెల్లవారకముందే సహరీ తిని, నమాజు చేసుకుని ఇల్లంతా పడుకుంటుంది. పొద్దున పూట ఇంత నిశ్శబ్దం నాకు ఏడాదిలో మళ్ళీ దొరకదు. ఆ నిశ్శబ్దంలో పందొమ్మిదో అధ్యాయం చదివాను.

మీకు తెలిసిన కథే. ఒక లేవీయుడితో ఉంటున్న అమ్మాయి అతణ్ణి విడిచి బేత్లెహేములో పుట్టింటికి వచ్చేసింది. కొన్ని నెలలకు అతను వెతుక్కుంటూ వచ్చాడు. ఆమె తండ్రి అల్లుణ్ణి చూసి సంతోషించాడు. ఉండు బాబూ, తిను బాబూ, ఇంకో పూట ఉండు అని రోజుల తరబడి మర్యాదలు చేశాడు. ఆ ఇద్దరు మగవాళ్ళూ తిన్నారు, తాగారు, కబుర్లు చెప్పుకున్నారు. నేను ఆ వచనాలు వేలు పెట్టి మళ్ళీ మళ్ళీ వెతికాను. నువ్వెందుకు వచ్చేశావమ్మా అని ఆ తండ్రి కూతుర్ని అడిగిన మాట ఎక్కడా లేదు. వెళ్తావా అని అడిగిన మాట లేదు. అధ్యాయం మొత్తంలో ఆ పిల్ల నోరు విప్పదు. అల్లుడి వెంట పంపేశాడు. దారిలో ఒక ఊళ్ళో దుర్మార్గులు ఇల్లు చుట్టుముడితే, ఆ మొగుడు తనను కాపాడుకోవడానికి ఆమెనే వాళ్ళకు తోసేశాడు. తెల్లారేసరికి ఆమె ఆ ఇంటి ముందు పడి ఉంది, చేతులు గడప మీద ఉన్నాయి. అతను తలుపు తీసి, లే, పోదాం అన్నాడు. ఆమె పలకలేదు.

నేను ఏడుస్తుంటే రమీజా పిన్ని లేచి వచ్చింది.

“యాలమ్మే ఏడుస్తాండావు? ఇంటికాడ ఏమన్నా అయిందా?”

కథ చెప్పాను. ఉపవాసం ఉన్న మనిషి, గోడకు చేరగిలబడి మొత్తం వింది.

“ఆ నాయన ఏం జేసినాడు?” అంది.

“గడప దాకా సాగనంపాడు పిన్నీ.”

“ఆ ఊరోళ్ళను దేవుడు అడుగుతాడులే. ముందు ఆ నాయన్ను అడగాల” అంది.

పాస్టర్ గారూ, ఈ అధ్యాయం దేవుడు ఎందుకు దాచలేదో నాకు తెలియదు. మనుషులైతే దాచేవాళ్ళు. మీరు దాచారు. నాకు అర్థమైనంతలో, ఆ పిల్ల తరఫున ఎవరూ మాట్లాడలేదు కాబట్టే ఆయన రాయించాడు. ఇది చదివాక నా విశ్వాసం తగ్గలేదు. నేను నమ్మేది మర్యాదలు చేసే తండ్రిని కాదని తెలిసింది.

నేను వాక్యాన్ని వాదానికి వాడుతున్నానని మీరన్నారు. నేను వాదించడం లేదు, చదువుతున్నాను. ఆపను. మమతకు ఫోన్ చేయడం కూడా ఆపను. ఈ అధ్యాయం చదవమని నిన్ననే చెప్పాను. ఆ ఇంట్లో ఉండొద్దని కూడా చెప్పాను. మీ వెనకాల చేశానని అనిపించుకోవడం ఇష్టం లేక మీకే రాస్తున్నాను. జకరయ్య గారికి చూపించాలంటే చూపించండి.

డెబ్బై కుటుంబాలను ఎక్కడ కూర్చోబెట్టాలని అడిగారు. మమతను ఎక్కడ కూర్చోబెట్టారో ముందు చెప్పండి.

కెజియా


చింతలలంక
ఏప్రిల్ 15

కెజియమ్మా,

నెల రోజులు నీకు జవాబు రాయలేదు. కోపంతోనే రాయలేదు. ఇప్పుడు రాస్తున్నది కోపంతో కాదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఈ నెల మొదటి గురువారం స్త్రీల కూడికలో వాక్యం చదివే వంతు మమతది. ఎప్పటిలా కీర్తన చదువుతుందని అందరూ కూర్చున్నారట. మమత న్యాయాధిపతులు పందొమ్మిది తెరిచింది. మీ వదిన అక్కడే ఉంది. మధ్యలో ఒకావిడ “ఇదెందుకమ్మా, వేరేది చదువు” అంటే, “ఇది బైబిల్లో లేదాండి?” అని అడిగి, చివరి దాకా చదివిందట. చదివి, పుస్తకం మూసి, చున్నీ తీసి, దెబ్బకు వినపడకుండా పోయింది ఇదేనని ఎడం చెవి చూపించింది. కూడిక అయ్యాక ఇంటికి లేవలేదు. మందిరంలోనే కూర్చుంది.

నాకు కబురొచ్చి వెళ్ళేసరికి ప్రభుదాసు, జకరయ్య గారు అప్పటికే వచ్చి ఉన్నారు. ఆడవాళ్ళంతా గోడ వారన నిలబడ్డారు. మమత అత్త మార్తమ్మ గారు మాత్రం చాప మీద నుంచి లేవలేదు. కొడుకు పిలిచినా తల ఎత్తలేదు.

“అయ్యగారండీ, పిల్లకి నాలుగు ముక్కలు చెప్పండి. ఇంటికి తీసుకెళ్తాం” అన్నారు జకరయ్య గారు.

మమత నా వైపు చూడలేదు. “నేన్రాను” అంది. ఎవరితో అందో తెలియదు. “చంపినా రాను.”

ప్రభుదాసు చెయ్యి పట్టి లాగాడు. అది ద్వారబంధం దాకా వచ్చి, కింద పడి, గడప పట్టుకుంది. రెండు చేతులతో పట్టుకుంది కెజియా. నీ ఉత్తరం ఉన్న ఫోన్ నా జేబులో లేదు, ఇంట్లో బల్ల సొరుగులో ఉంది. అయినా ఆ గడప మీద ఆ చేతులు చూడగానే నాకు నీ అక్షరాలు కనిపించాయి. అందరూ నా నోటి వంక చూస్తున్నారు. ఇన్నేళ్ళుగా ఏ సమయానికి ఏ వాక్యం కావాలన్నా నాలుక మీద ఉండేది. ఆ క్షణాన ఒక్కటీ రాలేదు.

“చెయ్యి తియ్యి” అన్నాను ప్రభుదాసుతో.

“ఏంటండీ?” అన్నాడు.

“నా చెల్లెలి మీద నుంచి చెయ్యి తియ్యి.”

జకరయ్య గారు చాలా నెమ్మదిగా, “అయ్యగారూ, నిలబడింది ఎవరి నేల మీదో చూసుకున్నారా?” అన్నారు. చూసుకున్నాను. భయపడ్డాను, అది నీ దగ్గర దాచను. మీ వదిన ముందుకొచ్చి మమతను లేపింది. ముగ్గురం ఇంటికి వచ్చేశాం.

అమలాపురం వెళ్ళాం. కర్ణభేరి చిరిగిందన్నారు. ఇంకా ముందే తీసుకురావలసిందని డాక్టరు నన్ను చూసి అన్నాడు. స్టేషన్లో ఫిర్యాదు రాసిచ్చాం. మమతే రాసింది, నేను చెప్పబోతే వద్దంది.

మరునాడే మందిరానికి తాళం పడింది. మట్టల ఆదివారం మన పెరట్లో టార్పాలిన్ కింద చేసుకున్నాం. పదకొండు కుటుంబాలు వచ్చాయి. మిగతావాళ్ళు వీధిలోంచి చూసుకుంటూ వెళ్ళిపోయారు. నాన్న మొదలుపెట్టిన సంఘం నా చేతుల్లో ఇలా అయింది.

నిన్న నలుగురు పెద్దలు వచ్చారు. మమత ఫిర్యాదు వెనక్కి తీసుకుని, సంఘం ముందు ఒక్క క్షమాపణ చెబితే, ఈస్టరుకు తాళం తీస్తారట. కాపురానికి వెంటనే రానక్కర్లేదట, మెల్లగా పంపవచ్చట. క్షమాపణే కదా, ఒక్క మాటే కదా అని ఒక పక్క అనిపిస్తోంది. నువ్వేమంటావు?

అన్నయ్య


మెసైమీర్, దోహా
ఏప్రిల్ 18, మంచి శుక్రవారం

అన్నయ్యా,

ఆరాధన ముగిసింది. ఇక్కడ చర్చిలన్నీ ఒకే ప్రహరీలో ఉంటాయి. తెలుగు, మలయాళం, తమిళం, ఫిలిప్పీనో పాటలు ఒకదాని మీద ఒకటి వినిపిస్తున్నాయి. డ్రైవర్ ఆదెప్పన్న బండి తెచ్చేలోపు మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను.

నా జవాబు, వద్దు.

నువ్వు “చెయ్యి తియ్యి” అన్నావని చదివి, నేను వంటింట్లో గట్టిగా అరిచాను. రంజాన్ అయిపోయిందని ఇఫ్తార్ గిన్నెలు వచ్చే ఏడాదికి దాచిపెడుతున్న రమీజా పిన్ని ఉలిక్కిపడింది. నాకు నా అన్న దొరికాడు. ఇప్పుడు ఆ నలుగురు పెద్దల కోసం మళ్ళీ పోగొట్టుకోలేను.

ఒక్క మాటే కదా అన్నావు. ఈ రోజు ఏ రోజో చూడు. పిలాతుకు కూడా జనాన్ని శాంతింపజేయడానికి ఒక్క మాటే కావలసి వచ్చింది. తప్పు లేదని తెలిసి కూడా యేసును సిలువకు అప్పగించి, చేతులు కడుక్కున్నాడు. క్షమాపణ చెప్పవలసింది చెవి పగిలినదా, పగలగొట్టినవాడా? క్షమించడం మమత ఇష్టం. అది ఎప్పుడు క్షమిస్తుందో, అసలు క్షమిస్తుందో లేదో దానికీ దేవుడికీ మధ్య సంగతి. తాళానికి బదులుగా దాన్ని అడిగే హక్కు నీకూ లేదు, నాకూ లేదు.

నాన్న సంఘాన్ని మొదలుపెట్టినప్పుడు రేకులు లేవు, స్థలం లేదు. అది నువ్వే నాకు చెప్పావు. పదకొండు కుటుంబాలు తక్కువా? ఆ పదకొండూ జకరయ్య గారి వీధి దాటుకుని, ఆయన చూస్తుండగా వచ్చాయి.

తాళం ఆయన దగ్గరే ఉండనీ. ఆదివారం పొద్దున్నే పెరట్లో గట్టిగా పాడండి.

చెల్లి


చింతలలంక
ఏప్రిల్ 24

కెజియమ్మా,

పెద్దలకు వద్దని చెప్పేశాను. నేను చెప్పేలోపే మమత లోపల్నుంచి “వద్దని చెప్పన్నయ్యా” అని కేక వేసింది. వాళ్ళకు టీ కూడా ఇవ్వలేదు మీ వదిన.

ఈస్టరు తెల్లవారుజామున పెరట్లోనే ఆరాధన చేశాం. ఎంతమందో నేను లెక్కపెట్టలేదు. చాపలు చాలక కొబ్బరాకులు పరిచాం. వాక్యం చదవమని మమతకే ఇచ్చాను. సమాధి దగ్గరికి వెళ్ళిన ఆడవాళ్ళు తిరిగి వచ్చి చెబితే, అపొస్తలులకు అవి వెర్రిమాటల్లా తోచి నమ్మలేదని లూకా రాసిన చోటు అది. అక్కడ మమత ఆగి నా వైపు చూసింది. ప్రతి ఏడూ ఆ వచనం మీదుగా వడివడిగా దాటిపోయేవాణ్ణి. ఈసారి ప్రసంగమంతా దాని మీదే చెప్పాను. నమ్మనివాళ్ళలో నేనూ ఉన్నానని చెప్పాను. బాగా చెప్పలేదు.

ప్రభుదాసును స్టేషనుకు పిలిచారు. వాళ్ళు వకీలును పెట్టారు. మనమూ పెట్టుకోవాలి. జకరయ్య గారు వీధిలో ఎదురుపడితే ముఖం తిప్పుకుంటున్నారు. ముందు ఏమవుతుందో తెలియదు, భయంగానే ఉంది. అయినా నిద్ర పడుతోంది.

నేను కూడా మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. పాస్టరును, సిగ్గుపడుతూనే చెబుతున్నాను, నాకూ ఇదే మొదటిసారి.

కింద మమత ఏదో రాస్తానంటోంది. చోటు వదులుతున్నాను.

అన్నయ్య

అక్కా,

వచ్చే గురువారం స్త్రీల కూడిక మనింటి దగ్గరే. మా అత్త మార్తమ్మ వస్తానని పాలబ్బాయితో కబురు పంపింది. మామగారికి చెప్పదట, అడిగితే మాత్రం అబద్ధం ఆడదట. వాక్యం తనే చదువుతుందట. ఏ అధ్యాయం చదవమంటావని నన్ను అడిగించింది.

నేనేం చెప్పలేదక్కా. ఎక్కడ తెరవాలో ఆవిడనే చూసుకోమన్నాను.

మమత